పాటలో తగ్గిన శేరు

పశువులు కాసే జీతగాడి మీద సుద్దాల హనుమంతు కట్టిన పాట విననివాళ్లు మన కూలి వాడల్లో దాదాపు లేరు. తెలంగాణ రైతాంగ పోరాట కాలంలో పుట్టిన ఆ పాట 1980లో విడుదలైన ‘మా భూమి’ సినిమాతో మరెన్నో వూళ్లకు చేరింది. యిప్పటికీ మన సభల్లో యెవరో ఒక చెల్లె దాన్ని యెత్తుకుంటుంది. ముసలమ్మలు కొంగుతో కళ్లు తుడుచుకుంటారు. పాట ముగుస్తుంది, చప్పట్లు మోగుతాయి, వుపన్యాసం మొదలవుతుంది.

మేమూ చాలా యేళ్లు అట్లనే విన్నాం. పసివాడి గోస చెప్పి యేడిపించే జాలిపాట అనుకున్నాం. అది మా పొరపాటు.

యీ కాలపు పిల్లలకు ముందు ఒక మాట చెప్పాలె. జీతం అంటే వాళ్లకు నెల మొదట్లో బ్యాంకులో పడే డబ్బు. పాటలోని జీతగాడు అట్లాంటివాడు కాదు. తండ్రి తెచ్చిన అప్పుకో, యింట్లో తిండికి లేకనో దొర దగ్గర కుదిరిన పిల్లవాడు. అప్పు కింద మనిషిని కట్టేసుకోవడం నేరమని దేశమంతటికీ చట్టం వచ్చింది 1976లో. హనుమంతు పాట కట్టేనాటికి ఆ పిల్లవాడికి అండగా ఆ చట్టం లేదు.

యిప్పుడు పాటను నిదానంగా వినండి. కవి ఆ పిల్లవాణ్ణి వూరికే వోదార్చడు, ఆరా తీస్తాడు. జీతానికి కుదిరిన కాలమెంతో అడుగుతాడు. చలికి ఆగని చింపులంగీ సంగతి యెత్తుతాడు. నెలకు దొర కొలిచే గింజల దగ్గరికి వస్తాడు. ఆ గింజల్లో తాలు కలిసిన సంగతి, కొలిచి చూస్తే శేరు తక్కువైన సంగతి బయటికి తీస్తాడు. సంఘం పని చేసేవాళ్లకు యీ ప్రశ్నలు కొత్తవా? కొత్త వూరికి పోయి కూలి మనిషి గుడిసె ముందు కూచున్నప్పుడు మనం మొదట అడిగేవి యివేగదా!

ఆ శేరు దగ్గరే పాట అసలు అర్థం వున్నదని మా అభిప్రాయం. దెబ్బలు తిన్నవాడు, చలికి వణికినవాడు ‘నా రాత’ అనుకుని వూరుకోవచ్చు. కొలతలో పోయిన శేరు రాత కాదు. అది ఒకరి కుంచంలో తగ్గి మరొకరి గాదెలో మిగిలింది. దాన్ని అడగొచ్చు, మళ్లీ కొలిపించొచ్చు.

సినిమా పాటల్లోనూ యిట్లాంటివి వున్నాయి. 1955లో వచ్చిన ‘రోజులు మారాయి’లో కొసరాజు రాసిన యేరువాక పాటనే తీసుకోండి. యేరువాక పున్నమి రాగానే మైకుల్లో పల్లవి మోగుతుంది, వేదికల మీద పిల్లలతో ఆడిస్తారు. కాని ఆ పాట లోపలి చరణాల్లో పొలాలమ్ముకుని పట్నంలో మేడలు కట్టేవాళ్ల మాట వున్నది. రైతు వోటు గుంజుకుని తర్వాత అతణ్ణి మరిచేవాళ్ల మాట వున్నది. వేదిక మీద కూచునే పెద్దలకు ఆ చరణాలు అక్కరలేదు. వాళ్లు వొదిలేశారు సరే, మనమెందుకు వొదిలేయాలి?

‘పాటకు యిన్ని లెక్కలెందుకు, మనసుకు తాకితే చాలదా’ అని కొందరు కళాకారులైన మిత్రులు మమ్మల్ని అడిగారు. తాకాలె, కాదనం. తాకకపోతే యెవరు వింటారు? కాని తాకిన తర్వాత యేం జరగాలనేదే మా ప్రశ్న.

మేము చూసిన సంగతి ఒకటి చెప్తాం. ఒక వూళ్లో సంఘం సమావేశంలో యీ పాట అయ్యాక చప్పట్లకు ముందే ఆగి, ‘మనకు యెక్కడన్నా శేరు తగ్గుతున్నదా?’ అని అడిగాం. కొంతసేపు యెవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక నడివయసు అక్క లేచి, ‘గుత్త నాట్లలో ఆసామి చెప్పిందే యెకరం, మేమెన్నడూ కొలవలే’ అన్నది.

వారం తర్వాత యిరవై అయిదుమంది ఆడవాళ్లు ఒక పెద్ద ఆసామి మడి గట్టు మీద నిలబడ్డారు. ఆయన చెప్పింది మూడెకరాలు. తాడు పట్టి కొలిస్తే పదిహేను గుంటలు యెక్కువ తేలింది. యెకరానికి 5,000 గుత్త. పదిహేను గుంటలకు 1,875 రూపాయలు. మనిషికి 75. ఆసామి మొదట కసిరాడు. పీకిన నారు కట్టలు యెండకు వాడిపోతున్నాయి, ఆడవాళ్లు మడిలో కాలు పెట్టలేదు. చివరికి వొప్పుకున్నాడు.

75 రూపాయలు పెద్ద మొత్తం కాదు. కాని అన్నేళ్లుగా యెన్ని మళ్లలో యెన్ని గుంటలు వూరికే నాటామోనని ఆ అక్క ఆ సాయంత్రం అన్న మాట మాకు నిద్ర పట్టనివ్వలేదు.

కుంచం పోయింది, శేరు పోయింది. కొలత మాత్రం పోలేదు. 2005 నాటి వుపాధి హామీ చట్టం కింద మనం తవ్విన మట్టికీ కూలి పడింది కొలతను బట్టే. టేపు యెక్కడ పెట్టారో, పుస్తకంలో యెంత రాశారో అడిగే మనిషి వున్నచోట ఒక తీరుగా, లేనిచోట ఇంకో తీరుగా పడింది. పత్తి యేరే చోట తక్కెడ, కోతల్లో గంటల లెక్క, యివన్నీ ఆ పాత కుంచం వారసులే.

కనుక కార్యకర్తలకు మా మనవి యిది. సభలో పాట పాడించండి, పల్లవితో ఆపకుండా చివరి చరణందాకా పాడించండి. అర్థంకాని పాత మాట వుంటే పెద్దవాళ్లను లేపి చెప్పించండి. ఆ తర్వాత వెంటనే వుపన్యాసంలోకి దిగకండి. పాటలో హనుమంతు అడిగినట్టే అక్కడ కూచున్నవాళ్లను అడగండి: పని యెన్ని గంటలు, కూలి యెంత, కొలిచేదెవరు? జవాబులు ఒక కాగితం మీద రాసుకోండి. మరునాటి పని అక్కడినుంచి మొదలవుతుంది.