వక్కపొడికీ కళ్లెం వేయాలి

గుట్కాను నిషేధించాం గనుక నోటి క్యాన్సర్‌కు అడ్డుకట్ట పడిందనుకోవడం భ్రమ. పొగాకు కలిసిన గుట్కా, పాన్‌మసాలాలను తమిళనాడు, ఆంధ్రప్రదేశ్‌ 2013లోనే నిషేధించాయి. పొగాకు కలపని వక్కపొడి పొట్లాల జోలికి మాత్రం ఆ నిషేధం పోలేదు. నెమిలి, గుడియాత్తం, వేలూరు మొదలుకొని సరిహద్దుకు ఇవతల పలమనేరు, చిత్తూరు దాకా వాటిని పిల్లలు సైతం కొనుక్కోగలరు.

‘పొగాకు లేదు కదా’ అన్న ధీమాయే కొంప ముంచుతోంది. పొగాకు తోడు లేకున్నా వక్క క్యాన్సర్‌ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్‌ పరిశోధన సంస్థ 2004 నాటి నివేదికలోనే తేల్చింది. వక్కలోని అరెకోలిన్‌ నోటి పొర కింద పీచు కణజాలాన్ని పెంచుతుంది. మొదట కూర కారమే నిప్పులా మండుతుంది. తర్వాత బుగ్గలు తెల్లబారి బిగుసుకుంటాయి. మూడు వేళ్లు పట్టాల్సిన నోట్లో క్రమంగా ఒక్క వేలు దూరడమూ కష్టమవుతుంది. వైద్యులు సబ్‌మ్యూకస్‌ ఫైబ్రోసిస్‌ అనే ఈ జబ్బు ముదిరితే, వక్క మానేసినా నోరు పూర్తిగా మామూలు కాదు. కేరళలోని ఎర్నాకుళం జిల్లాలో 17 ఏళ్లపాటు పరిశీలించిన రోగుల్లో 7.6 శాతం మందికి క్యాన్సర్‌ వచ్చింది. నోరు తెరుచుకోనివారికి లోపల పుండు పుట్టినా త్వరగా కంటపడదు.

నివారణ మన చేతిలోనే ఉంది. తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి నోళ్లు పరీక్షించారు. పొగాకు లేదా మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్‌ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో వెల్లడైంది. కానీ మన జాతీయ క్యాన్సర్‌ పరీక్షల కార్యక్రమం 30 ఏళ్లు నిండినవారికే. వక్క జబ్బు ఇరవైల్లోనే పట్టుకుంటున్నప్పుడు ఆ హద్దు అర్థరహితం.

కాబట్టి వక్కపొడి పొట్లాలపై పెద్ద అక్షరాల్లో క్యాన్సర్‌ హెచ్చరిక ముద్రించాలి. 18 ఏళ్లలోపు వారికి అమ్మితే శిక్షించాలి. బడులకు వంద గజాల లోపు అమ్మకాన్ని నిషేధించాలి. నమిలే అలవాటున్న యువతకు కళాశాలల్లోనే ఏటా నోటి పరీక్ష జరపాలి. వక్కరైతుకు, చిల్లర వర్తకుడికి నష్టమన్న వాదన రావచ్చు. వారి జీవనోపాధికి ప్రభుత్వం అండగా నిలవాల్సిందే, కానీ పిల్లల నోళ్లను పణంగా పెట్టి కాదు. శుభకార్యాల్లో తాంబూలం ఇవ్వడం మన ఆచారం. బడిపిల్లవాడి జేబులో పొట్లం ఉండటం ఏ ఆచారమూ కాదు.

తెలుగు జిల్లాల నుంచి ఎందరో వైద్యం కోసం వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వెళుతుంటారు. దవడ కోయించుకోవడానికి అక్కడిదాకా వెళ్లే గతి ఎవరికీ పట్టకూడదంటే, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్‌ కలిసి ఒకే నిబంధన తేవాలి. ఆ పని ఈ ఏడాదే మొదలుకావాలి.