కల ఒకరిది, ఫలం ఇంకొకరిదా?

మా తమ్ముడి కూతురు మా ఇంట్లో ఉండి చదువుకుంటోంది. ఓ రోజు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని, "పళ్ళన్నీ ఊడి చేతిలో పడ్డట్టు కలొచ్చింది అత్తా" అంది, నవ్వుతూనే. పెరుగు తోడు కోసం వచ్చిన పక్కింటి పెద్దావిడ చేతిలో గిన్నె కింద పెట్టేసింది. "పళ్ళూడితే ఇంట్లో పెద్ద తలకాయకి గండమే తల్లీ. ఎవరికీ చెప్పకు, శివాలయంలో దీపం పెట్టు" అని, తోడు తీసుకుని వెళ్ళిపోయింది.

నెల రోజులు ఆ పిల్ల రాత్రి ఒకసారి, తెల్లారగానే ఒకసారి ఊళ్ళో ఉన్న తండ్రికి ఫోను. "బీపీ మాత్ర వేసుకున్నావా నాన్నా?" వాడు చివరికి విసుగెత్తి కసిరాడు. తర్వాత తెలిసిందేమిటంటే, కల రాకముందు వారం నుంచీ దానికి జ్ఞానదంతం సలుపుతోంది, డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి భయపడి దాస్తోంది. ఆ ముక్క మేమెవరమూ అడగలేదు. నేనూ అడగలేదు.

తెలిసినవాళ్ళు చెప్పకపోతే ఎలా, ముందే హెచ్చరిస్తే మంచిదేగా అంటారు. ఏం తెలుసని? శాస్త్రం ఉందంటారా, చూద్దాం. చరక సంహిత ఇంద్రియస్థానం కలల్ని ఏడు రకాలు చేసింది. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి: ఈ ఐదింటికీ ఫలమే లేదని కొట్టిపారేసింది. పన్ను సలుపు మూడో రకంలోకి వస్తుంది. స్వప్నఫలాల పట్టికలు అచ్చువేసేవాళ్ళు ఈ మాట ఎత్తగా నేను చూడలేదు. తెల్లవారుజాము కల నిజమవుతుందన్న నమ్మకమూ అలాంటిదే. కనుగుడ్లు చకచకా కదిలే నిద్ర, కలలు ఎక్కువగా వచ్చే నిద్ర, తెల్లారేకొద్దీ ఎక్కువసేపు సాగుతుంది. అందులోంచి లేస్తాం కనక ఆ కల గుర్తుంటుంది, అంతే.

ఇదంతా పాతకాలం చాదస్తమని నవ్వేసే చదువుకున్నవాళ్ళూ తక్కువేం తినలేదు. 1900లో వియన్నాలో పద్ధెనిమిదేళ్ళ ఇడా బావర్‌ని తండ్రి మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ దగ్గరికి పంపాడు. తండ్రి స్నేహితుడు తన మీద చెయ్యి వేయబోయాడని ఆ పిల్ల చెబితే ఇంట్లో నమ్మలేదు. ఇల్లు తగలబడుతోంది, తండ్రి లేపుతున్నాడు, తల్లి నగలపెట్టె దక్కించుకోవాలంటోంది. ఇదీ ఆ పిల్లకొచ్చిన కల. నగలపెట్టె అంటే నీ ఒళ్ళే, నీ మనసు ఆ పెద్దమనిషి మీదే ఉందని ఫ్రాయిడ్ తేల్చాడు. రోగి కాదంటే ఆ 'కాదు'లోనే 'ఔను' ఉందని ఆయన లెక్క. ఇక ఆ పిల్ల ఏం చెప్పి బయటపడాలి? పదకొండు వారాలు ఓపిక పట్టి, డిసెంబర్ 31న ఇక రానని వెళ్ళిపోయింది. 1905లో ఆయన ఆ కథంతా డోరా అన్న మారుపేరుతో అచ్చువేశాడు, ఆమెను అడగకుండానే. మా పక్కింటావిడ నయం, కనీసం ఎవరికీ చెప్పొద్దంది.

వాల్మీకి రామాయణం చూడండి. అశోకవనంలో త్రిజట తన కలకు తానే అర్థం చెప్పింది. మేనమామ ఇంట్లో భరతుడు పీడకల కంటే దాని ఫలమూ తానే చెప్పుకున్నాడు. పక్కన స్నేహితులున్నారు, ఒక్కడూ పంచాంగం విప్పలేదు.

న్యూయార్క్ మానసిక వైద్యుడు మాంటేగ్ ఉల్మన్ కూడా కలలు చెప్పుకునే బృందాలకు ఇలాంటి పద్ధతే పెట్టాడు. నీ కలకు అర్థం ఇదీ అని వినేవాళ్ళు అనకూడదు. "ఈ కల నాకొస్తే" అని మొదలుపెట్టి తమ సంగతే చెప్పుకోవాలి. కల చెప్పినవాళ్ళు చాలంటే అక్కడితో ఆపాలి. ఇంతకంటే పెద్ద విద్య అక్కర్లేదు.

కల కన్నవాళ్ళకూ ఓ మాట. "నువ్వు పోయినట్టు కలొచ్చింది, జాగ్రత్త" అని పొద్దున్నే ఫోను చేసే చుట్టాలు మనందరికీ ఉన్నారు. అది ప్రేమే కావచ్చు. కానీ మీ భయాన్ని అవతలివాళ్ళ నెత్తిన పెట్టి మీరు హాయిగా టిఫిను తింటారు, వాళ్ళు తినలేరు.

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా కల చెబితే, "నీకేమనిపించింది?" అని అడిగి ఊరుకోండి. చెప్పకపోతే వదిలేయండి. ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి.

మా పిల్ల కల ఇక్కడ రాసేముందు దాన్నే అడిగాను. "రాయి అత్తా, పన్ను పీకించేశానని కూడా రాయి" అంది.