పిల్లల అపహరణకు క్షమాభిక్షా?

సముద్ర తీరాన రెండు వారాల విడిది, వేళకు భోజనం, బాంబుల మోత లేని రాత్రులు... 2022లో తమ ఆక్రమణలో ఉన్న ఖెర్సన్, ఖార్కివ్ ప్రాంతాల తల్లిదండ్రులకు రష్యా అధికారులు చూపిన ఆశ ఇది. నమ్మినవాళ్లు సంతకాలు పెట్టి పిల్లలను పంపారు. క్రిమియాకూ, రష్యా నల్లసముద్ర తీరానికీ బస్సులు కదిలాయి. ఆ శరత్కాలంలో ఉక్రెయిన్ సేనలు ఆ ఊళ్లను విడిపించుకున్నా, ఎందరో పిల్లలు వెనక్కి రాలేదు. కావాలంటే మీరే వచ్చి తీసుకెళ్లండని జవాబొచ్చింది. యుద్ధరేఖ దాటే దారిలేక తల్లులు పోలండ్, బెలారస్, రష్యాల మీదుగా వేల కిలోమీటర్లు చుట్టి వెళ్లి బిడ్డలను తెచ్చుకోవాల్సి వచ్చింది.

అడిగే తల్లి ఉన్న పిల్లల సంగతే ఇలా ఉంటే, అనాథాశ్రమాల నుంచి తరలించిన వారి గతి చెప్పేదేముంది? మొత్తం 19,500 మందికి పైగా పిల్లలను రష్యా తీసుకుపోయిందని ఉక్రెయిన్ లెక్క తేల్చింది. వారిలో ఇళ్లకు చేరింది కొద్దిమందే.

పోరు నుంచి కాపాడేందుకే తరలించామన్నది మాస్కో వాదన. 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం అలాంటి తరలింపును తాత్కాలికంగానే ఒప్పుకొంటుంది. పోరు సద్దుమణగగానే ఇళ్లకు చేర్చాల్సిందే. ఆక్రమిత ప్రాంత పిల్లల పౌర హోదాను మార్చడానికి వీల్లేదు. కాపాడటమే ఉద్దేశమైతే, ఉక్రెయిన్ అనాథలకు చకచకా రష్యా పౌరసత్వం కట్టబెట్టేలా 2022 మే నెలలో పుతిన్ ఉత్తర్వు ఎందుకిచ్చినట్లు? మరియుపోల్ నుంచి వచ్చిన పదిహేనేళ్ల కుర్రాణ్ని తానే పెంచుకుంటున్నానని బాలల హక్కుల కమిషనర్ మరియా ల్వోవా బెలోవా 2023 ఫిబ్రవరిలో కెమెరాల ఎదుటే పుతిన్‌కు చెప్పారు. పిల్లల హక్కులకు కాపు కాయాల్సిన అధికారి తీరు అది. నెల తిరిగేసరికి, మార్చి 17న, అంతర్జాతీయ నేర న్యాయస్థానం ఆ ఇద్దరిపైనా అరెస్టు వారంట్లు జారీ చేసింది.

ఆ వారంట్లు నేటికీ కాగితాలకే పరిమితం. న్యాయస్థాన సభ్యదేశమైన మంగోలియా 2024 సెప్టెంబరులో పుతిన్‌కు రాచమర్యాదలు చేసి పంపింది. 2025 నవంబరులో బయటికొచ్చిన అమెరికా 28 సూత్రాల శాంతి ప్రణాళిక మరీ ఘోరం. పిల్లలను అప్పగించాలని ఒకచోట చెప్పి, యుద్ధకాలపు చర్యలకు అన్ని పక్షాలకూ పూర్తి క్షమాభిక్ష అని మరోచోట రాసుకొచ్చింది. సొత్తు తిరిగిచ్చేశాడని దొంగ మీద కేసు కొట్టేస్తామా? ఇక్కడ ఎత్తుకుపోయింది కన్నబిడ్డలను!

శిక్ష మాట ఎత్తితే శాంతి చెడుతుందన్న వాదన నిలవదు. పేరు, పౌరసత్వం మారిపోయిన బిడ్డను వెతకాలంటే దత్తత దస్త్రాలు కావాలి, వాటిపై సంతకం చేసిన అధికారిని నిలదీసే అధికారం కావాలి. విచారణకే మంగళం పాడితే ఆ రెండూ దక్కవు. అర్జెంటీనానే చూడండి. 1976-83 సైనిక పాలనలో ఖైదీల పసికందులను లాక్కుని పరాయి ఇళ్లలో పెంచారు. సైన్యాన్ని గట్టెక్కించేందుకు 1986లో తెచ్చిన చట్టం సైతం పిల్లల అపహరణను మాత్రం మినహాయించింది. అందుకే, ఇతర నేరాలకు క్షమాభిక్ష పొందిన మాజీ నియంత విదేలా ఈ నేరంపై 1998లో మళ్లీ అరెస్టయ్యాడు. 2012లో అతనికి 50 ఏళ్ల శిక్ష పడింది.

అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో చేరని భారత్‌కు పుతిన్‌ను అరెస్టు చేయాల్సిన బాధ్యత లేదు. కానీ మనది జెనీవా ఒప్పందాలకు కట్టుబడిన దేశం. పిల్లలను బేషరతుగా వెనక్కి పంపాలన్న తీర్మానం 2025 డిసెంబరు 3న ఐరాస సర్వప్రతినిధి సభలో 91 ఓట్లతో నెగ్గితే, మనం ఓటింగ్‌కు దూరంగా ఉండిపోయాం. మర్నాడే ఢిల్లీలో పుతిన్‌కు స్వాగతం పలికాం. చమురు, ఆయుధాల కోసం మాస్కోతో మనకున్న అవసరం కాదనలేనిదే. ఆ అవసరం పసిపిల్లల విషయంలోనూ నోరు నొక్కేస్తే దాన్ని తటస్థత అనరు.

తీసుకుపోయిన ప్రతి బిడ్డ వివరాలూ రష్యా రెడ్‌క్రాస్‌కు అందించాలి. దత్తతలను, బలవంతపు పౌరసత్వాలను రద్దు చేయాలి. రేపు ఏ సంధి కుదిరినా, అందులో ఈ నేరానికి క్షమాభిక్ష ఉండకూడదు. పాత మిత్రుడిగా ఈ మాటను మాస్కోకు ముఖం మీదే చెప్పాల్సిన బాధ్యత ఢిల్లీది.