ఆ రెండు తీగల మాట నమ్మకండి

మోడల్ రైళ్ళ గురించి రాస్తే "పిల్లలాటకి ఇంత గోలా?" అనేవాళ్ళు ఎలాగూ ఉంటారు. ఉండనివ్వండి. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ గురించి ఆఫీసులో రోజూ గొంతు చించుకునే మన జనాలకి ఇదేమీ పరాయి విషయం కాదు.

డీసీసీ అనే డిజిటల్ పద్ధతిలో, పట్టాల్లో పారే కరెంటే ఆజ్ఞల్ని కూడా మోస్తుంది. జర్మనీలోని లెంజ్ కంపెనీ చేసిన పని ఆధారంగా అమెరికాలోని మోడల్ రైల్‌రోడ్ సంఘం ఎన్ఎంఆర్ఏ 1990లలో దీన్ని ప్రమాణంగా తెచ్చింది. "రెండు తీగలు చాలు, లేఔటంతా నడుస్తుంది" అని ఊరించి చెప్తుంటారు. ఇంజన్ల వరకూ ఒప్పుకుంటాను. పాయింట్ల దగ్గరికొచ్చేసరికి ఆ మాట కొంప ముంచుతుంది.

ఎలాగంటారా? బండిని ఒక దారినుంచి ఇంకో దారికి మళ్ళించేది పాయింటు. దాని మోటారుని ఆజ్ఞ ప్రకారం కదిపేది యాక్సెసరీ డీకోడరు. పక్కనే పట్టాలున్నాయి కదా అని చాలామంది దీని తీగలు వాటికే తగిలించేస్తారు. పనిచేస్తుంది కూడా, అదే చిక్కు! పాయింటు ఎడమ దారికి ఉండగా కుడి దారిలోంచి బండి ఎదురుగా వచ్చిందనుకోండి. పట్టాలు ఒకదాన్నొకటి దాటేచోట వి ఆకారంలో ఉండే లోహపు ముక్కకి (ఫ్రాగ్ అంటారు లెండి) అప్పటికి ఎడమ దారికి తగ్గ పోలారిటీ ఉంటుంది. చక్రం దానిమీదకి ఎక్కగానే షార్ట్ సర్క్యూట్. బూస్టరు కరెంటు కట్టేస్తుంది.

ఇప్పుడు చూడండి తమాషా. షార్ట్ పోవాలంటే పాయింటు మారాలి. పాయింటు మారాలంటే డీకోడరుకి కరెంటు కావాలి. కరెంటు రావాలంటే షార్ట్ పోవాలి. అచ్చమైన డెడ్‌లాక్. చేత్తో ఇంజన్ని వెనక్కి తొయ్యడమే గతి. ఈలోగా ఆ బూస్టరు మీదున్న బళ్ళన్నీ ఎక్కడివక్కడే.

"డీకోడరుకి విడిగా అడాప్టరు పెడితే సరిపోదా?" అని అడుగుతారు. సరిపోదండీ. మోటారుకి బలం వస్తుంది గానీ, ఆజ్ఞ రావాల్సింది ఆగిపోయిన ఆ తీగల మీదే కదా! డీకోడర్లకి వేరే తీగల జత వెయ్యాల్సిందే. అలాగని రెండో బూస్టరు కొననక్కర్లేదు. పట్టాలకి వెళ్ళే దారిలో ఒక ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బ్రేకరు పెట్టి, దానికంటే ముందునుంచే డీకోడర్ల తీగలు లాగండి. బూస్టరు కంటే ముందే బ్రేకరు పడేలా సెట్ చేసుకోవాలి, మర్చిపోవద్దు. అప్పుడు షార్ట్ అయినా పట్టాలే ఆగుతాయి, పాయింట్లు బతికుంటాయి.

అసలు పాయింటు తప్పు దారికి ఎందుకుంటుంది? డీసీసీలో మామూలుగా ఆజ్ఞ వెళ్ళడమే గానీ జవాబు రావడం ఉండదు. యూడీపీ అన్నమాట. రైల్‌కామ్ అని జవాబు తెచ్చే ఏర్పాటు ఉంది గానీ చాలా పాయింటు డీకోడర్లలో అది కనబడదు. కంట్రోలరు తెరమీద బాణం చూపించేది తానిచ్చిన ఆజ్ఞని, పాయింటు అసలు స్థితిని కాదు.

ఇంకో కారణం అడ్రసులు. ప్యాకెట్లో బోర్డుకి 9 బిట్ల అడ్రసు, బోర్డుకి నాలుగేసి పాయింట్లు. బోర్డుల్ని కొందరు 0 నుంచి, కొందరు 1 నుంచి లెక్కపెట్టారు. దాంతో ఒక కంట్రోలరుతో 5 అని పెట్టిన పాయింటు ఇంకోదానిలో 1 అవుతుంది. ఆఫ్ బై వన్ అందరికీ తెలుసు, ఆఫ్ బై ఫోర్ ఎప్పుడైనా చూశారా? 1 నుంచే మొదలెట్టమని ఆర్‌సీఎన్-213 ప్రమాణం తేల్చింది గానీ, అంతకుముందు కొన్న పెట్టెలకి అది తెలియదు పాపం.

నేర్చుకునే బటన్ ఉన్న డీకోడరైతే ఈ లెక్కలతో పని లేదు. బటన్ నొక్కి, మీ కంట్రోలరునుంచి కావాల్సిన నంబరు పంపితే అదే తన అడ్రసు అనుకుంటుంది. కంట్రోలరు మార్చిన రోజున మాత్రం బటన్లన్నీ మళ్ళీ నొక్కాల్సి రావచ్చు. అందుకని డీకోడర్లని బల్ల అడుగున చెయ్యి దూరని మూలలో బిగించకండి.