ఏడు దినముల సముద్రము

ఈ మాసము విద్యుత్ బిల్లులను గురించి వ్రాయుదుమని క్రిందటి సంచికలో మాట ఇచ్చినాము. ఆ మాట తప్పుచున్నందుకు పాఠక సోదరీ సోదరులు మన్నించవలెను. నడుమ మా ఇంట ఒక సముద్రము వచ్చి పడినది.

సంగతి ఏమనగా, ఒక శుక్రవారము సాయంత్రము ఆఫీసులో లెడ్జరు మూసి లేచుచుండగా మా సెల్‌ఫోను మ్రోగినది. ఎవరో అమ్మాయి ముందు హిందీలోను, తరువాత ఒడియాలోను ఎంతో మర్యాదగా మాటలాడినది. మేము ఏదో దుకాణములో చీటీ నింపినామట. లాటరీ తీయగా మా పేరు వచ్చినదట. మూడు పగళ్ళు, రెండు రాత్రులు సముద్రతీరపు హోటలులో బస బహుమానమట. వచ్చి పుచ్చుకొనవలెను, భోజనము కూడ వారిదే, కాని భార్యతో కలిసి రావలెను. మాకు చీటీ నింపిన జ్ఞాపకము లేదు. ఇంటికి వచ్చి చెప్పగా మా ఆవిడకు జ్ఞాపకమున్నది. అమ్మాయికి బట్టలు కొన్నచోట బిల్లుతో పాటు ఒక కాగితము ఇచ్చినారట; పేరు, ఫోను నంబరు, మా జీతము కూడ అడిగినారట. జీతము కాస్త పెంచి వ్రాసితినని అప్పుడు చెప్పినది.

బరంపురములో కాపురమున్న వారికి సముద్రము కొత్త గాదు. గోపాలపురము బస్సెక్కితే గంట లోపల అలల ముందర నిలువవచ్చును. మా తాతల నాడు రంగూను ఓడలు అక్కడి నుండియే బయలుదేరినవి. కాబట్టి సముద్రము కొనుమని మమ్ములను ఒకరు పిలుచుట మాకు కొంత నవ్వు తెప్పించినది. అయినను ఆదివారము నాడు ఇస్త్రీ చొక్కా తొడుగుకొని, మా ఆవిడ పట్టుచీర కట్టుకొని, ఇద్దరము వారు చెప్పిన హోటలుకు పోయినాము.

హాలు నిండ చిన్న చిన్న బల్లలు. ప్రతి బల్ల వద్ద ఒక దంపతుల జంట, వారి ఎదుట టై కట్టిన ఒక కుర్రవాడు. గోడమీద గోవా సముద్రము పెద్ద తెరపై ఆడుచున్నది. మాకు దక్కిన కుర్రవాడు మంచివాడు. ఆ అబ్బాయిపై మాకు కోపము లేదు; ఆ వయసులో మేమును ఇన్సూరెన్సు పాలసీలు అమ్మబోయి చెప్పులు అరగగొట్టుకొన్నవారమే. ఏడాదికి విహారములకు ఎంత ఖర్చు పెట్టుదురని అడిగినాడు. ఏమియు లేదన్నాము. సున్నతో అతని లెక్క నడువదు. “పోనీ సార్, నలభై వేలు అనుకుందాం” అని తానే 40,000 వ్రాసుకొని, ఏటేట నూటికి పది చొప్పున ధరలు పెరుగునని చెప్పి, 25 ఏండ్లకు 39 లక్షల పైచిలుకు తేల్చినాడు. అతని పథకములో చేరితే అందులో ముప్పాతిక భాగము మాకు మిగులునట. మేము ఎన్నడును ఖర్చు పెట్టని సొమ్ములో నుండి మిగులు!

పథకము తెలియని వారికి రెండు మాటలు. హోటలు గదిని ఏడాదిలో ఏడు దినములు వాడుకొను హక్కును పాతిక సంవత్సరములకు ముందుగా కొనుట. దీనినే టైమ్‌షేర్ అందురు. 1960లలో ఐరోపాలో పుట్టి, 1980ల నడుమ మన దేశమునకు వచ్చినది. గది మనది కాదు, నేల మనది కాదు. మన పేర రిజిస్ట్రీ కాదు. మనకు చేతికి వచ్చునది సభ్యత్వము మాత్రమే. ఒక ఊరి గదిని విడిచి మరియొక ఊరిలో మార్పిడి చేసుకొను సదుపాయము కూడ కొన్ని కంపెనీలలో ఉన్నది.

గంటన్నర పని అన్నది మూడున్నర గంటలైనది. ధర మొదట 5,40,000 అన్నారు. మేము కుర్చీ వెనుకకు జరుపగానే మేనేజరు వచ్చి, మాతో చేయి కలిపి, ఈ రోజు సంతకము పెట్టువారికి మాత్రము పన్నుతో కలిపి 3,60,000 అన్నాడు. ఇప్పుడు 36,000 చాలు, మిగిలినది నెలకు 9,017 చొప్పున 48 వాయిదాలు. ఇంతలో ప్రక్క బల్ల వారు సంతకము పెట్టినారు కాబోలు, గంట కొట్టి అందరు చప్పట్లు చరచినారు. ఆ చప్పట్ల నడుమ మా ఆవిడ మా చెవి దగ్గరకు వంగి, “తీసుకుందామా అండీ?” అన్నది.

మేము నిర్ఘాంతపోయినాము. పావుకిలో చింతపండుకు రెండు దుకాణములు తిరుగు మనిషి.

ఏమి చెప్పవలెనో తోచక గుమాస్తా బుద్ధి కొలది ఒక మాట అడిగినాము: “ఒప్పందపు కాగితము ఇయ్యండి, ఇంటికి తీసుకొనిపోయి చదువుకొని బుధవారము చెప్పెదము.” కుర్రవాడు మేనేజరు ముఖము చూచినాడు. సంతకము చేసి సొమ్ము కట్టిన తరువాతనే కాగితము చేతికిచ్చు పద్ధతియట. మేము ఆఫీసులో ఇరవై నాలుగేండ్లుగా చేయుచున్న పని అంతయు కాగితములు చదివి, ఆ తరువాత సంతకమునకు పంపుట. ముందు సంతకము, తరువాత చదువు అన్నది మా టేబులు మీద ఎన్నడును జరుగలేదు. లేచి వచ్చినాము. తలుపు దగ్గర ఆ బహుమానపు కవరు ఇచ్చినారు. విప్పి చూడగా ప్రయాణము మన ఖర్చు, పన్నులు మన ఖర్చు, పండుగ దినములు, శని ఆదివారములు చెల్లవు.

ఆటోలో మా ఆవిడ మాటలాడలేదు. ఆ రాత్రి కూడ లేదు. మేము గెలిచి వచ్చితిమని తలచుచుంటిమి. ఇంట వాతావరణము అట్లు లేదు.

మరునాడు మా ఆఫీసు క్యాషియరుగారితో ప్రస్తావించగా ఆయన నవ్వి, తాను పదునాలుగేండ్ల క్రిందట మరియొక కంపెనీలో చేరితినని, కాగితములన్నియు పెట్టెలో ఉన్నవని చెప్పినారు. ఒడియా పెద్దమనిషి, మాట నెమ్మది. మధ్యాహ్నపు టీ వేళ ఆ కాగితములు తెచ్చి ముందు పెట్టినారు. న్యాయము చెప్పవలెను గనుక ఆయన తృప్తి ముందు చెప్పెదము. గదులు శుభ్రముగా ఉన్నవి, వంట చేసికొన వీలున్నది, ముసలి తల్లిని తీసుకొని నాలుగు ఊళ్ళు చూపినారు. డబ్బు ముందే కట్టి ఉండుట వలననే కదలితిమి, లేనిచో ఇల్లు విడిచేవారము కాము అని ఆయన మాట. ఆ మాట మాకు తగిలినది.

ఇక రెండవ ప్రక్క. దసరా సెలవులకు గోవా కావలెనన్నచో నెలల ముందు నుండి కాచుకొని కూర్చుండవలెను. ఆయన కట్టినది తక్కువ ధర సీజను గనుక ఆ దినములు ఆయనకు రావు. ఒకసారి జూలైలో దొరికినది. జూలైలో గోవా సముద్రములో దిగనివ్వరు, వర్షము. ఏడు దినములు కిటికీలో నుండి వాన చూచి వచ్చినారు. పోయినను పోకున్నను సాలుసరి నిర్వహణ రుసుము కట్టవలసినదే. రెండేండ్లు తల్లిగారి జబ్బు వలన కదలలేదు. రుసుము ఆగలేదు, ఆలస్యమునకు వడ్డీ పడినది. అమ్ముదమన్నచో కొనువారు లేరు. ఇంకొక షరతు ఎర్ర పెన్సిలుతో గీత గీసి చూపినారు: తుఫాను మొదలగు దైవికముల వలన గది లేకపోయినచో కంపెనీకి బాధ్యత లేదు. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురము దగ్గరనే తీరము దాటినది. మా పెంకులు ఎగిరిన రాత్రి అది. మరుసటి ఏడు అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్టణమును కొట్టినది. సముద్రపు ఒడ్డున పాతిక సంవత్సరములు అనగా ఏమో మన తీరపువారికి వేరే చెప్పనక్కరలేదు.

ఆ రాత్రి భోజనములైన తరువాత వంటింటి గట్టు మీద నోటుబుక్కు పెట్టి లెక్క వేసినాము. మాకు హాలులో చెప్పిన సాలుసరి రుసుము 18,000. దానిపై నూటికి 18 జీఎస్టీ కలిపి 21,240. ధర 3,60,000ను పాతిక ఏండ్లకు పంచితే ఏడాదికి 14,400. రెండును కలిపి 35,640, అనగా రాత్రికి 5,091 రూపాయలు. ఇది వాయిదాలు లేకుండ రొక్కము కట్టువారి లెక్క. వాయిదాలైతే మొత్తము 4,68,816 అగును. ఆ 3,60,000నే బ్యాంకులో నూటికి ఆరున్నర వడ్డీకి వేసినచో ఏడాదికి 23,400 వచ్చును. అది, ఆ కట్టబోయే రుసుము కలిపితే 44,640. ఏడు రాత్రులకు, రాత్రికి 6,377 ఇచ్చి ఏ ఊరిలోనైన గది తీసికొనవచ్చును, అసలు చెక్కుచెదరదు. మా వంటివారు దిగు గది అందులో సగమునకే దొరుకును.

అయినను ఇది చిన్న లెక్క. పెద్దది రుసుము పెరుగుదల. ఏటికి నూటికి ఆరు మాత్రమే పెరిగినదనుకొన్నను, మాకిప్పుడు నలుబది ఏడు, అరువదవ ఏట రిటైరగునప్పటికి అది 38,000 దాటును. మాది పెన్షను లేని ఉద్యోగము. డెబ్బది ఒకటవ ఏట, చివరి సంవత్సరమున, 72,881. పాతిక ఏండ్ల రుసుములు కూడితే 9,87,000 పైన, పన్ను గాక. అప్పటికి మా మోకాళ్ళు ఏ స్థితిలో ఉండునో ఏ కంపెనీ చెప్పలేదు.

ఈ లెక్కను మా ఆవిడకు చదివి వినిపించి, తప్పున్నచో చూపుమన్నాము. ఆమె గిన్నెలు బోర్లించుచు వినినది.

“లెక్క నాకూ తెలుస్తుందండీ. వద్దని అక్కడే అనుకున్నాను. ఆ కుర్రాడు సున్నా బదులు నలభై వేలు రాసినప్పుడే.”

“మరి తీసుకుందామా అన్నావు గదా?”

“ఇరవై రెండేళ్ళలో వద్దు అనడానికి మీరు ఎన్నో లెక్కలు వేశారు. వెళ్దాం అనడానికి ఒక్కటైనా వేశారా? ఆయన అడిగితే సున్నా అని ఎంత గర్వంగా చెప్పారు! అందరి ముందూ.”

మేము నోటుబుక్కు వైపు చూచినాము. తరువాత ఆమె ఇంకొక మాట అన్నది. “మన సముద్రంలో సూర్యుడు పుడతాడు. అటు సముద్రంలో మునుగుతాడట గదా. ఆ తెర మీద చూపించాడు. అది ఒక్కసారి చూద్దామని. ఏటండీ, దానికి పాతికేళ్ళు ఎందుకు?”

పుట్టిన నాటినుండి గోపాలపురములో ఉదయము చూచుచు, అస్తమయము సముద్రములో ఉండునన్న ఆలోచనయే మాకు రాలేదు. సింహాచలము, పూరీ, ఒకసారి చెల్లెలి పెండ్లికి రాజమహేంద్రవరము. ఇవి తప్ప ఆమె చూచినది లేదు. ఇది మేము లెడ్జరులో ఎన్నడును వ్రాయని పద్దు.

తిరిగి లెక్క వేసినాము, ఈ మారు ఆమె చెప్పగా మేము వ్రాసినాము. వాస్కో పోవు అమరావతి ఎక్స్‌ప్రెస్ మన ఊరి మీదుగానే పోవును, స్లీపరు చాలునన్నది. నాలుగు రాత్రులు చాలును, ఏడు ఎందుకు, ఇంట మొక్కలు ఎండును అన్నది. నెలకు 2,500 చొప్పున బ్యాంకులో ఏడాది రికరింగు డిపాజిట్ వేస్తే 30,000, కొంచెము వడ్డీ. క్యాషియరుగారి మాట గుర్తుంచుకొని, డబ్బు ముందే కట్టి ఉంటేనే గదా కదులుదుమని, పాసుపుస్తకము ఆమె పేరనే తీసినాము.

మా వలె కాక సంతకము చేసి వచ్చినవారు మన సమాజములో ఎవరైన ఉన్నచో వారికొక మాట. ఐరోపా దేశములలో 2008 నాటి ఉత్తరువు ప్రకారము సంతకము చేసిన 14 దినములలో కారణము చెప్పకయే విరమించుకొనవచ్చును, ఆ లోపల బయానా పుచ్చుకొనరాదు. మన దేశములో ఈ వ్యాపారమునకు ప్రత్యేక చట్టము లేదు. కొన్ని కంపెనీలు తామై కొద్ది దినముల గడువు ఒప్పందములో వ్రాయుచున్నవి. ముందు ఆ షరతు వెదకి, గడువు లోపల వ్రాతమూలకముగా, రసీదు వచ్చునట్లు పంపవలెను. ఫోనులో చెప్పితిమన్న మాట నిలువదు. గడువు దాటినను, చెప్పినదొకటి ఇచ్చినదొకటి అయినచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద మీరు కాపురమున్న జిల్లాలోని కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. కంపెనీ ఊరికి పోనక్కరలేదు. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల వరకు ఉన్నచో ఫీజు లేదు, గడువు రెండేండ్లు. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి సలహా అడుగవచ్చును. హాలులో ఇచ్చిన ప్రతి చీటీ, ఆ నలభై వేలు వ్రాసిన తెల్లకాగితముతో సహా, అడిగి తెచ్చుకొని దాచుడు.

మాకు మరల రెండుసార్లు ఫోను వచ్చినది. ధర 2,90,000కు దిగినది. రెండవసారి మా ఆవిడయే తీసి, మేము సంక్రాంతి తరువాత పోవుచున్నామని, టికెట్లు ప్రయాణమునకు 60 దినముల ముందు తెరచెదరని, అస్తమయము ఏ తీరములో బాగుండునో చెప్పగలరా అని అడిగినది. ఆ అమ్మాయి కాసేపు ఊరకుండి, పాలోలెం అని చెప్పినదట.

పాసుపుస్తకము కందిపప్పు డబ్బా వెనుక ఉన్నది. మూడు వాయిదాలు పడినవి. విద్యుత్ బిల్లుల సంగతి వచ్చే నెల తప్పక వ్రాసెదము.