గొలుసు పట్టిన చేతికే చేట

కళాశాల వార్షిక సంచికలో కుక్కను గురించిన వ్యాసమా అని కొందరు పాఠకులు నవ్వవచ్చు. నవ్వే హక్కు వారికి ఉంది. అయితే ఉర్దూ విభాగపు విద్యార్థులకు పత్రస్ బుఖారీ వ్రాసిన 'కుత్తే' అనే హాస్యవ్యాసం తెలియకుండా ఉండదు. తెలుగు విభాగపు విద్యార్థులకు మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు వెంట నడచిన శునకం తెలుసు. రెండు భాషల సాహిత్యంలోనూ స్థానం సంపాదించుకొన్న జంతువుకు మన సంచికలో రెండు మూడు పుటలు కేటాయించడం అపరాధం కాదనుకొంటాను. పైగా నేను వ్రాయదలచినది కుక్క గుణగణాలను గూర్చి మాత్రమే కాదు. కవులూ హాస్యరచయితలూ సాధారణంగా ముట్టని విషయం ఒకటి ఉంది. కుక్క వీధిలో విడిచిన దానిని ఎవరు ఎత్తవలె? ధర్మరాజుకు ఈ చిక్కు రాలేదు. ఆయన నడచిన హిమాలయ మార్గంలో ఇరుగుపొరుగు లేరు.

మా ఇంట కుక్క ప్రవేశించడం ఎవరూ కోరి చేసిన పని కాదు. 2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు నగరాన్ని ముంచెత్తిన సంగతి మన ప్రాంతం వారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. పాతబస్తీలోని మా మేడ మీద ఇరుగుపొరుగు వారితో కలిసి ప్రాణాలు అరచేత పట్టుకొని కూర్చున్నాము. ఆ సాయంకాలం మేడమెట్ల పైన, నీటి అంచున, గోధుమ వన్నె కుక్కపిల్ల ఒకటి వణకుతూ నిలిచి ఉంది. ఎక్కడ నుండి కొట్టుకొని వచ్చిందో తెలియదు. మా అమ్మీ ఐదు పూటల నమాజు తప్పని మనిషి. కుక్క గడప తొక్కితే ఆ గడపను కడిగిగాని ఊరుకొనేది కాదు. ఆ రాత్రి ఆమె తన వాటాకు వచ్చిన రొట్టెలో సగం త్రుంచి ఆ పిల్ల ముందు వేసింది. ఎవరూ అడగకుండానే, "నీళ్లు తగ్గితే దాని దారిన అది పోతుందిలే" అని సమాధానం కూడా చెప్పుకొంది. నీళ్లు తగ్గాయి. అది పోలేదు. మోతీ అని పేరు పెట్టుకొన్నాము. పదునాలుగు సంవత్సరాలు మాతో ఉండి, 2023లో పెరటి వేపచెట్టు క్రింద కన్నుమూసింది.

ముస్లిం ఇంట కుక్క ఏమిటని ప్రశ్నించిన బంధువులు లేకపోలేదు. పశువుల మందకు, పంట కావలికి, వేటకు కుక్కను ఉంచుకొనవచ్చునని హదీసులలోనే ఉంది. ఇంటి కావలికి కూడా ఆ అనుమతి వర్తిస్తుందని చెప్పే విద్వాంసులు ఉన్నారు. మోతీకి పెరడే నివాసం, వసారా మెట్టే సరిహద్దు. దాని పళ్లెం వేరు, చెంబు వేరు. కుక్క మూతి పెట్టిన పాత్రను ఏడుమార్లు కడగవలెనన్న నియమాన్ని అమ్మీ ఎనిమిదవ మారు కడిగి మరీ పాటించేది. అయితే ఖురాన్‌లోని గుహవాసుల కథలో వారితో పాటు ఒక కుక్క కూడా ఉందని మాకు చెప్పింది ఆమెయే. దాహంతో నాలుక వ్రేలాడవేసిన కుక్కకు బావిలోనికి దిగి తన తోలుమేజోడుతో నీళ్లు తెచ్చి త్రాగించిన మనిషి పాపాలు క్షమింపబడ్డాయన్న హదీసును చిన్నప్పుడు వినిపించింది కూడా ఆమెయే. ఆ ప్రాణి మీద దయ ఉండవలె, ఒంటి మీద బట్ట శుభ్రంగా ఉండవలె. నాకు అర్థమైనంతవరకు ఈ రెండూ ఒకే ధర్మంలోని మాటలు. మన వీధులలో జరిగేది వేరు. కుక్కపై రాయి విసిరేవాడు రెండవ మాటను మాత్రం గుర్తు పెట్టుకొంటాడు, కుక్కను ముద్దు చేసేవాడు మొదటి మాటను మాత్రం. నేను చాలా కాలం ఆ రెండవ కోవలోని వాడినే.

కుక్క ఇచ్చే సుఖం లెక్క కట్టడానికి వీలైనది కాదు. జీతం ఆలస్యమైన నెలలోనూ, సకాలంలో వచ్చిన నెలలోనూ అది మనకు ఇచ్చే స్వాగతం ఒక్కటే. నా స్కూటరు చప్పుడును వీధి మలుపులోనే పోల్చుకొని గేటు దగ్గర తోకతో దుమ్ము లేపేది. అదే కంపెనీ స్కూటరు మా వీధిలో మరి మూడు ఉన్నాయి. వాటికి చెవి కూడా కదల్చేది కాదు. రంజాన్ నెలలో సహరీకి లేపే మనిషి వీధి మొదట్లోకి రాక ముందే అది గొంతు విప్పేది. ఆ నెలంతా మా ఇంట గడియారానికి పని లేదు. అమ్మీ వసారాలో నమాజుకు నిలిచినప్పుడు అది మెట్టు క్రింద ముంగాళ్లు చాచి పడుకొని, ఆమె జానమాజ్ మడిచే వరకు కదిలేది కాదు. ఎవరూ నేర్పలేదు. అమ్మీ చివరి జబ్బు పడి లోపలి గదిలో ఉన్న నలుబది రోజులూ అది ఆ గది కిటికీ క్రిందకు తన మకాం మార్చుకొంది. పళ్లెం కూడా అక్కడకే మార్చవలసి వచ్చింది. 'దానిని పిలువు' అని అమ్మీ అనలేదు, కాని కిటికీ రెక్క తెరిచి ఉంచమనేది.

ఇక చికాకులు. మోతీ కొరికిన చెప్పులన్నీ ఎడమకాలివే. కారణం ఈనాటికీ తెలియలేదు. దీపావళి మూడు రోజులూ స్నానాల గది దానిది. మేము పెరట్లో తడక కట్టుకొని స్నానం చేసేవారము. కుటుంబమంతా కలిసి ఒక్క పెండ్లికి పోయింది లేదు, ఎవరో ఒకరు ఇంట ఉండి తీరవలె. ఏటేటా రేబిస్ టీకా కొరకు పశువుల ఆసుపత్రికి తీసుకొని పోవడానికి ఆటోవారిని బ్రతిమాలడం మరొక యాతన. అయినా ఆ యాతనను తప్పించుకొనరాదు. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత మనిషి బ్రతకడం మిక్కిలి అరుదు. కుక్క కరచినా, గోరు గీరినా ఆ చోటును పదిహేను నిమిషాల సేపు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలె. పసుపు, సున్నం, మంత్రం పనికిరావు.

వీటన్నిటినీ మించినది మలవిసర్జన. మొదటి రెండు సంవత్సరాలు నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. తెల్లవారుజామున గేటు తెరిచేవాడిని. మోతీ వెళ్లేది, కాసేపటికి తిరిగి వచ్చేది. ఎక్కడికి వెళ్లింది, ఏమి చేసింది అని ఏనాడూ విచారించలేదు. నా పెరడు అద్దంలా ఉండేది. గొలుసు పట్టుకొని దర్జాగా షికారు త్రిప్పే యజమానులు నాకంటె మెరుగు కాదు. కుక్క ఎవరి గోడ ప్రక్కనో నడుము వంచగానే వారికి హఠాత్తుగా ఆకాశంలో నక్షత్రాలు కనిపిస్తాయి. అది లేచి కాళ్లతో మట్టి ఎగజిమ్మిన తరువాతనే తిరిగి భూమి మీదికి దిగి వస్తారు. మట్టి కప్పవలెనన్న కోరిక కుక్కకైనా ఉందని చూసేవారు అనుకొంటారు.

2011 డిసెంబరులో ఒక తెల్లవారుజాము. వీధిదీపం వెలగలేదు. మా వీధి చివర నివసించే వృద్ధుడు, నాకు ఆరవ తరగతిలో ఉర్దూ నేర్పిన ఉస్తాద్, ఫజర్ నమాజుకు పోతూ మా గేటుకు పది అడుగుల దూరంలో దానిని తొక్కాడు. కాలు జారింది. అదృష్టం బాగుండి పడలేదు, గోడ పట్టుకొన్నాడు. కాని పైజామా అంచు పాడయింది. ఇంటికి తిరిగి వెళ్లి, చలిలో కాళ్లు కడిగి, బట్టలు మార్చుకొని, మళ్లీ వజూ చేసుకొని వచ్చే సరికి జమాఅత్ ముగిసిపోయింది. నలుబది ఏండ్లుగా ఆయన మొదటి వరుసలో నిలిచే మనిషి.

ఆ సాయంకాలం మా ఇంటికి వచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది. టీ త్రాగి, మోతీ వంక చూసి, "బేటా, నాకు దాని మీద కోపం లేదు. దానికి తెలియదు. నీకు తెలుసు" అన్నాడు.

"పొరపాటయింది ఉస్తాద్‌సాబ్, ఇక మీదట జాగ్రత్తపడతాను" అన్నాను.

"నా వయసులో తప్పిన జమాఅత్ మళ్లీ దొరుకుతుందో లేదో. సరే, నీ చదువుకు తగ్గట్టు ఆలోచించు" అని లేచాడు.

నా చదువుకు తగ్గ ఆలోచన ఏమి వచ్చిందో చెబుతాను. మరునాడు మా వీధి ఊడ్చే మునిసిపల్ కార్మికురాలిని ఆపి, నెలకు ఇంత అని ఇస్తాను, మోతీది కనిపించినప్పుడల్లా ఎత్తివేయమని అడిగాను. ఉదారంగానే మాట్లాడుతున్నానని నా నమ్మకం. ఆమె చీపురు గోడకు ఆనించి నా వైపు తిరిగింది. "చెత్తయితే నా పని సార్. మట్టయితే నా పని. నీ కుక్కది ఎత్తేది నా పనెట్లయితది? నా బిడ్డ మీ కాలేజీలోనే ఇంటర్ చదువుతాంది. వాళ్ల సారు కుక్కది వాళ్లమ్మ ఎత్తిందని దాని చెవిన పడల్లా?" అంది.

నా వద్ద జవాబు లేదు. ఈనాటికీ లేదు. మనిషి మలాన్ని మనిషి చేత ఎత్తించడం నేరమని మన దేశంలో 1993లో ఒక చట్టం, 2013లో మరింత కఠినమైన చట్టం వచ్చాయి. ఆ చట్టాలలో కుక్క మాట లేదు. అయినా ఆ పనిని నేను ఎవరి నెత్తిన పెట్టబోయానో, ఎందుకు ఆ మనిషే నాకు మొదట తోచిందో ఆలోచిస్తే, చట్టం ప్రస్తావించని చోట కూడా అదే పాత అలవాటు పనిచేస్తూనే ఉందనిపించింది. వరద తగ్గిన నాడు మా వీధిలో బురదతో పాటు చెప్పరానివన్నీ ఇండ్లలో చేరి ఉన్నాయి. ఆనాడు పార పట్టని చేయి లేదు. వర్తకుడు, వకీలు, లెక్చరరు అందరూ ఎత్తిపోశారు. ఎవరి గౌరవమూ తగ్గలేదు. రెండేండ్లకే ఆ పారలను మరచిపోయాము.

ఒక రేకు చేట, పాత వార్తాపత్రికలు కొన్ని, పిడికెడు బూడిద. నాకు కావలసి వచ్చిన సామగ్రి ఇంతే. కుక్కకు సాధారణంగా మేలుకోగానే, తిన్న కాసేపటికి బయటకు పోవలసి వస్తుంది. వేళకు తిండి పెడితే వేళకే ఈ పనీ ముగుస్తుంది. పెరట్లో ఒక మూల, నీటి కుళాయికి, కూరపాదులకు దూరంగా మోకాలి లోతు గుంట తవ్వి, వేసినప్పుడల్లా బూడిద, మట్టి కప్పేవాడిని. ఆవుపేడ వలె ఇది కూడా ఎరువే గదా అని కూరమడులలో వేయరాదు. మాంసాహారి మలంలో పురుగుల గుడ్లు ఉంటాయి. కుక్క ప్రేగులలోని ఏలికపాము గుడ్లు మట్టిలో చేరి, ఆ మట్టిలో ఆడుకొనే పిల్లల నోటిలోనికి పోతే కాలేయానికి, కొన్ని సందర్భాలలో కంటికి కూడా హాని చేస్తాయి. ఇందులో ఒక మేలు ఉంది. ఆ గుడ్లు విసర్జించిన వెంటనే వ్యాధి కలిగించవు. మట్టిలో సుమారు రెండు నుండి నాలుగు వారాలు ఉన్న తరువాతనే ఆ శక్తి వస్తుంది. అందువల్ల ఆనాటిది ఆనాడే ఎత్తితే పని సగానికి పైగా అయినట్లే. పురుగుల మందు పశువైద్యుడు చెప్పిన గడువులలో వేయించడం మిగిలిన సగం.

ఎత్తడం కంటె కష్టమైనది కనపడడం. మొదటి రెండు రోజులు చీకటిలో దొంగవలె వెళ్లాను. మూడవ నాడు చేట చేతిలో ఉండగానే మన విద్యార్థి ఒకడు సైకిలు ఆపి "అస్సలాము అలైకుం సార్" అన్నాడు. చేటను వెనుకకు దాచి సలాము తిరిగి చెప్పాను. ఆ రోజు తరగతిలో వెనుక బల్లల మీద గుసగుసలు వినిపించాయి. వారం గడిచే సరికి వినిపించలేదు. మనం ఊహించుకొన్నంత శ్రద్ధగా లోకం మనను గమనించదు.

వీధికుక్కలు ఇన్ని ఉండగా మా ఒక్క కుక్కదే తప్పా అని వాదించే యజమానులు ఉన్నారు. వీధికుక్కల వివాదం 2025లో సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు, టీకాలు స్థానిక సంస్థల బాధ్యత అని 2023 నాటి నియమాలు చెబుతున్నాయి. ఆ సంస్థలు ఆ పని ఎంత చేస్తున్నాయో మన వీధులే చెబుతాయి. కాని వీధికుక్కకు యజమాని లేడు, మన కుక్కకు ఉన్నాడు. తేడా అంతా అక్కడే ఉంది. పైగా ఆ వీధికుక్కలలో కొన్ని నిన్నటి దాకా ఎవరి ఇంటనో పాలు త్రాగి, ముద్దు తీరిన పిమ్మట ఊరి చివర దింపివేయబడినవే. న్యూయార్కు నగరంలో కుక్క మలాన్ని యజమానియే ఎత్తవలెనన్న చట్టం 1978లో అమలులోనికి వచ్చింది. మన వద్ద కూడా జరిమానాలు వేయవలెనని కొందరంటారు. వేయనీయండి. అయితే తెల్లవారుజామున జరిమానా వ్రాయడానికి ఏ ఉద్యోగి వస్తాడు? నన్ను మార్చినది జరిమానా కాదు, వీధి ఊడ్చే ఒక తల్లి అడిగిన ప్రశ్న.

మోతీ పోయిన తరువాత కూడా చేట గేటు ప్రక్క మేకుకు వ్రేలాడుతూనే ఉంది. మరొక కుక్కను తెద్దామంటే నా భార్య ఒప్పుకోలేదు; నేనూ గట్టిగా అడగలేదు. ఈ మధ్య ఎదురింటివారు తెల్లని బొచ్చు పిల్లనొకదానిని తెచ్చుకొన్నారు. వారం తిరగక ముందే వారి అబ్బాయి, మన కళాశాల విద్యార్థియే, తల గోక్కుంటూ వచ్చి, "సార్, ఆ చేట ఒకసారి ఇస్తారా?" అన్నాడు. ఇచ్చాను. ఇంతవరకు తిరిగి తేలేదు. ఈ వ్యాసం చదివి ఎక్కడ తెచ్చి ఇస్తాడోనని కొంచెం భయంగా ఉంది.