అభిరుచికి అధికారి ఎవరు?

బెంగళూరు నగరంలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో ఇటీవల ఒక అభియోగం తరచుగా వినవస్తున్నది. పిల్లలు మన పాటను విడిచి పరుల పాటను పట్టుకున్నారట. ఇంట్లో తంబురా మూలపడి, గిటారు గోడకెక్కినదట. త్యాగరాజస్వామి పేరు చెబితే ఆవలించే యువకుడు బీటిల్స్, పింక్ ఫ్లాయిడ్, లెడ్ జెపెలిన్ అనే పేర్లు వినగానే కన్నులు విప్పి కూర్చుంటున్నాడట. ఇది అభిరుచి భ్రష్టత అనిన్నీ, సంఘాలు పూనుకొని దీనిని అరికట్టవలెననిన్నీ కొందరు పెద్దలు వేదికలెక్కి సెలవిస్తున్నారు. ఈ అభియోగం న్యాయమైనది కాదని విన్నవించడమే నా ఉద్దేశం. పెద్దల యెడ గౌరవానికి లోటు రానీయను. వారి వాదాన్ని మాత్రం పరీక్షించక విడువను.

మొదటి ఆక్షేపణ, గిటారు విదేశీ వాద్యమని. నిజమే. మరి ఫిడేలు ఏ దేశానిది? ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు, శిష్యుడు వడివేలు మొదలైన వారు దాదాపు రెండు శతాబ్దాల క్రిందట ఆ పాశ్చాత్య వాద్యాన్ని చేపట్టి, మన గమకాలకు లొంగదీశారు. నేడు ఫిడేలు లేని గాత్ర కచేరీని మనం ఊహించనైనా లేము. ముత్తుస్వామి దీక్షితులవారు కుంపిణీ దొరల బ్యాండు వాయించే వరుసలు విని, ఆ మెట్లకే దేవతాస్తుతులు కూర్చి నోటుస్వర సాహిత్యాలుగా మనకు విడిచిపోయారు. ఆయన చెవి మైలపడలేదు. ఆయన సంగీతమూ మైలపడలేదు. ఆ విదేశీ వాద్యాన్నే తెలుగువారి కీర్తిపతాకగా ఎగురవేసిన ద్వారం వేంకటస్వామినాయుడు గారు 1893లో జన్మించినది ఈ బెంగళూరులోనే. ఆయన పెరిగినది విశాఖపట్టణంలో, వెలిగినది విజయనగరంలో. పుట్టుక మాత్రం మన ఊరి భాగ్యం. నాడు ఎవరైనా పెద్దమనిషి అడ్డుపడి, దొరల వాద్యం మనకెందుకని ఆ బాలుని చేతిలోని కమానును లాగుకొని ఉంటే మనం ఏమి పోగొట్టుకొని ఉండేవారమో ఆలోచించండి.

ఇక హార్మోనియం మాట. అదీ సముద్రం దాటి వచ్చినదే. శ్రుతిశుద్ధి లేదన్న నెపాన 1940లో రేడియోవారు దానిని వెలివేశారు. ఆ వెలి కొన్ని దశాబ్దాలు సాగింది. కాని ఆ దశాబ్దాలలోనే తెలుగుదేశపు ఊరూరా పద్యనాటకం హార్మోనియం మెట్లమీదనే నడిచింది. రాయబార పద్యం ఎత్తుకొనే నటునికి ప్రక్కన హార్మోనిస్టు లేకపోతే తెర లేచేదే కాదు. అధికారులు ఒక వాద్యాన్ని త్రోసివేస్తే జనం దానిని ఒడిలో పెట్టుకున్నారు. ఫిడేలును అంగీకరించి, హార్మోనియాన్ని ప్రేమించిన జాతికి గిటారును మాత్రం విదేశీయమని దూరం పెట్టే హక్కు ఎక్కడిది? అంతెందుకు, మన పెద్దలు స్వర్ణయుగమని కొనియాడే ఆనాటి చలనచిత్ర గీతాలను మరల ఒకసారి చెవియొగ్గి వినండి. ఘంటసాలగారి కంఠం వెనుక గిటారు, క్లారినెట్టు, ఎకార్డియన్ వినబడవా? మీ యౌవనంలో మీరు తలలూపినది ఆ కలయికకే గదా!

రెండవ ఆక్షేపణ, అది సంగీతం కాదు, రణగొణధ్వని అని. ధ్వని పెద్దదైనంత మాత్రాన అపస్వరమైతే, పెళ్ళిపందిట్లో మన డోలూ సన్నాయీ ఏమి కావాలి? జాతరలో డప్పు ఏమి కావాలి? అలవాటు లేని చెవికి ప్రతి సంగీతమూ మొదట రొదగానే తోస్తుంది. మన రాగాలాపన వినే అలవాటు లేనివాడు అదేమి మూలుగని నవ్విపోతే మనకు కోపం వస్తుంది. రెండు కచేరీలు ఓపికతో విని మాట్లాడమంటాము. ఆ ఓపికనే మనం మన పిల్లల పాటకు ఎందుకు చూపరాదు? 2003 ఏప్రిల్‌లో రోలింగ్ స్టోన్స్ బృందం, 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబరులో మెటాలికా ఈ నగరంలోని ప్యాలెస్ మైదానంలో పాడినప్పుడు వేలాది యువకులు వచ్చి, నిలుచున్న కాళ్ళమీద గంటల తరబడి విన్నారు. అంత ఏకాగ్రత మన సభలలో ముందు వరుస కుర్చీలలో కూర్చునేవారికి ఉన్నదా? తని ఆవర్తనం మొదలు కాగానే కాఫీకి లేచిపోయే మనం శ్రద్ధను గురించి ఉపన్యసించడం శోభించదు.

బెంగళూరుకు ఈ పాశ్చాత్య సంగీతం నిన్నమొన్న వచ్చినదీ కాదు. 1809లో దండు ప్రదేశం వెలసిన నాటినుండి ఇక్కడ సైనికుల బ్యాండు ఒక ప్రక్క, పేటలో భజనగోష్ఠి మరొక ప్రక్క సాగుతూనే ఉన్నవి. కబ్బన్ పార్కులోని బ్యాండుస్టాండు దానికి సాక్షి. చామరాజపేటలో శ్రీరామసేవా మండలి 1939లో ఆరంభించిన రామనవమి సంగీతోత్సవం రెండవ ప్రక్కకు సాక్షి. ఆ ఉత్సవంలో కన్నడ శ్రోతలు తెలుగు కృతులను తమవిగా విని ఆనందిస్తున్నారు. కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్ కంఠం కన్నడ నటసార్వభౌముడు రాజకుమార్ కంఠమై ఇంటింటా నిలిచిపోయింది. పొరుగువారి చెవి మన పాటకు ఇంత ఉదారంగా తెరుచుకొని ఉండగా, ఇతరుల పాటకు మన పిల్లల చెవి మూయించడం ఏమి న్యాయం?

ఈ ఊరి తెలుగువారిలోనే మరొక దృష్టాంతం కలదు. 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ వెలువరించి, ఛందస్సు నడుము విరుగగొడతానని బయలుదేరిన నెల్లూరి కవి పఠాభి, అనగా పట్టాభిరామరెడ్డి, తరువాత బెంగళూరును తన ఊరు చేసుకొని, 1970లో ‘సంస్కార’ చిత్రంతో కన్నడ చలనచిత్రానికి క్రొత్త త్రోవ చూపారు. 2006లో ఇక్కడనే కన్నుమూశారు. వారి కుమారుడు కోణార్క్ రెడ్డి గిటారు వాద్యకారుడుగా పేరొందారు. తండ్రి తెలుగు కవితలో ఫిడేలు పేరెత్తితే, కొడుకు గిటారు చేతబట్టాడు. దీనిని భ్రష్టత అందామా, పరంపర అందామా?

మూడవ ఆక్షేపణ నీతికి సంబంధించినది. ఆ పాటలు యువకులను చెడగొడతాయట. పెద్దల తీర్పులు ఒక తరంలో ఎట్లా ఉంటవో, మరొక తరంలో ఏమవుతవో తెలుసుకోవడానికి బెంగళూరు నాగరత్నమ్మ చరిత్ర చాలు. తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ను ఆమె 1910లో పరిష్కరించి ప్రకటించింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారంతటి మహనీయులే ఆ కావ్యాన్ని ఏవగించుకొని ఉన్నారు. 1911లో ప్రభుత్వం దానిని అశ్లీలమని నిషేధించింది. 1947 వరకు ఆ నిషేధం తొలగలేదు. ఎవరి అభిరుచిని నీచమని తీర్పు చెప్పారో, ఆ నాగరత్నమ్మయే తన యావదార్జితాన్నీ వెచ్చించి తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి ఆలయం కట్టించింది. నేడు మనం చేతులు జోడించే ఆ చోటును మనకు నిలిపి ఇచ్చినది ఆమె. ఒకే హృదయంలో శృంగారకావ్యమూ రామభక్తీ ఇముడగా లేనిది, ఒకే యువకుని హృదయంలో రాక్ సంగీతమూ త్యాగరాజకృతీ ఎందుకు ఇమడవు?

కట్టడి చేద్దామనే వారికి మరొక చరిత్ర గుర్తు చేయవలసి ఉన్నది. 1952లో కేంద్ర మంత్రి కేస్కరు గారు జనుల అభిరుచిని ఉద్ధరించదలచి ఆకాశవాణిలో సినిమా పాటలను అణగద్రొక్కారు. ఫలితమేమి? శ్రోతలు శాస్త్రీయ సంగీతం వైపు మరలలేదు. రేడియో ముల్లును సిలోన్ వైపు త్రిప్పారు. చివరకు 1957లో విశ్వవిద్యాలయాల పండితులు కాదు, ప్రభుత్వమే ‘వివిధ భారతి’ని ప్రారంభించి, ఆ పాటలనే పిలిచి పీట వేయవలసి వచ్చింది. సాక్షాత్తు ప్రభుత్వానికి సాధ్యం కానిది మన సంఘపు కార్యవర్గానికి సాధ్యమా? పైగా నేటి యువకుని పాట అతని చెవిలోనే ఉన్నది; ముల్లు త్రిప్పవలసిన అవసరమైనా లేదు.

ఇంతవరకు చదివి, ‘పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి, ఎవరి ఇష్టం వారిది’ అని నేను చేతులు దులుపుకుంటున్నానని ఎవరైనా భావిస్తే అది పొరపాటు. ఆ సామెత వాదాన్ని ముగించడానికి పనికివస్తుంది గాని, అభిరుచిని పెంచడానికి పనికిరాదు. నాకు నచ్చింది గనుక మంచిదనడం బాలభాష. ఎందుకు నచ్చిందో చెప్పగలగడం సంస్కారం. ఈ కొలతతో కొలిస్తే దోషం ఒక్క పెద్దలయందే లేదు.

మన యువకులలో ఒక వర్గం ఉన్నది. వారి దృష్టిలో సంగీతం 1960లలో పుట్టి 1970లతో ముగిసింది. అటుతరువాతి పాశ్చాత్య సంగీతమంతా చౌకబారుది. తెలుగు సినిమా పాట అసలు సంగీతమే కాదు. గిటారు ఒంటరిగా అయిదు నిమిషాలు సాగితే గాని వారికి కళ అనిపించదు. చిరంజీవులారా, ఈ మాట ఎక్కడనో విన్నట్లు లేదా? ఘంటసాలతోనే పాట పోయిందనే మీ తాతగారి మాట ఇదే! పింక్ ఫ్లాయిడ్‌వారి ‘డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ వెలువడినది 1973లో. ఘంటసాల కీర్తిశేషులైనది 1974లో. మీ నూతన సంగీతానికీ మీ తాతగారి పాత పాటకూ వయస్సులో భేదమేమీ లేదు. ఇద్దరూ ఒక్క కాలపు రికార్డులనే పూజిస్తూ, ఒకరి పూజను ఒకరు అపహసించుకుంటున్నారు. పరిశీలన లేని భక్తి ఉభయత్రా ఒక్కటే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పెద్దల భయంలో ఒక నిజం ఉన్నది. అది వారు చెప్పే చోట మాత్రం లేదు. మన సంఘాల పాటల పోటీలు చూడండి. చక్కగా తయారైన బాలిక వేదికనెక్కి త్యాగరాజకృతి పాడుతుంది. చేతిలోని కాగితంమీద సాహిత్యం కన్నడ లిపిలోనో ఇంగ్లీషు అక్షరాలలోనో ఉంటుంది. పల్లవికి అర్థమేమని న్యాయనిర్ణేతలు అడగరు. అడిగితే చెప్పగలిగేవారు తక్కువ. బహుమతి ఇచ్చి, ఫొటో తీసి, సంస్కృతిని రక్షించామని ఇళ్ళకు పోతాము. ఆ బాలిక అన్నగారేమో తనకిష్టమైన ఆంగ్లగీతంలో ప్రతి చరణానికీ భావం చెప్పగలడు. ఆ కవి ఏ వేదనతో వ్రాశాడో, ఏ యుద్ధాన్ని నిరసించాడో వివరించగలడు. ఈ ఇద్దరిలో పాటను పాటగా విన్నవారెవరు? తెలుగు నష్టపోయినది గిటారు వలన కాదు. అర్థం అడగని మన అశ్రద్ధ వలన.

ఇంట్లో పిల్లవానికి తెలుగు దేనికి మిగిలింది? ‘అన్నం తిన్నావా, తలుపు వేశావా’ అనేటందుకు మిగిలింది. ప్రేమకూ, దుఃఖానికీ, తిరుగుబాటుకూ కావలసిన మాటలు అతనికి వేరొక భాషలో దొరుకుతున్నవి. వంటింటికీ వాకిలికీ పరిమితమైన భాష ఎంతకాలం నిలుస్తుంది? బాబ్ డిలన్‌కు 2016లో సాహిత్యానికి నోబెల్ బహుమతి లభించినప్పుడు, పాటగాడు కవి ఎట్లా అయినాడని లోకం వాదులాడింది. మనకు ఆ వింత లేదు. తానే కట్టి తానే పాడేవానికి వాగ్గేయకారుడనే పేరు మన వద్ద ఏనాడో ఉన్నది. పదిహేనవ శతాబ్దంలో అన్నమయ్య, పదునేడవ శతాబ్దంలో క్షేత్రయ్య, మన కాలంలో గద్దరు చేసినది ఆ పనే. ఈ మాట ఏ సంఘమైనా ఆ యువకునికి చెప్పిందా? నీ డిలన్‌కు మా అన్నమయ్య దూరపు చుట్టమని ఎవరైనా పరిచయం చేశారా?

కావున నా మనవి ఇది. ఉగాది వేదికమీద గిటారుకు చోటు ఇవ్వండి. కాని ఆ గిటారుకు తెలుగు మాట కట్టి తెమ్మని షరతు పెట్టండి. కృతి పాడే బాలికకు బహుమతి ఇవ్వండి. కాని అర్థం చెప్పిన తరువాతనే ఇవ్వండి. ఏడాదికొక సాయంకాలం పెద్దలు పిల్లల పాటలనూ, పిల్లలు పెద్దల పాటలనూ మారు మాటాడక చివరిదాకా వినే ఏర్పాటు చేయండి. ఆ పిమ్మట ఎవరికి ఏది ఎందుకు నచ్చిందో, ఎందుకు నచ్చలేదో తెలుగులోనే వాదించుకోమనండి. అభిరుచికి అధికారి వయస్సూ కాదు, వేదికా కాదు. శ్రద్ధతో విన్నవాడే అధికారి. ఆ వాదం మన ఇండ్లలో తెలుగున సాగినంతకాలం ఈ ఊరిలో తెలుగుకు భయం లేదు.